లోపలి కాపలా

మల్లవి
12 అక్టోబరు 1987

తమ్ముడు లబీబ్‌కి,

నిన్ను అబూనా సరాబామోన్ అని పిలవాలని నాకు తెలుసు. మఠంలో చేరి ఆరేళ్ళయింది, గడ్డం నెరుస్తోందని కూడా విన్నాను. కానీ నీ ముక్కు తుడిచిన చేత్తో ‘తండ్రీ’ అని రాయడం నా వల్ల కాదు. మీ పెద్దలెవరైనా ఈ ఉత్తరం చదివితే, తల్లి పోయాక నిన్ను పెంచిన అక్క రాసిందని చెప్పు. క్షమిస్తారు.

ఇవోన్‌కి తొమ్మిదేళ్ళు నిండాయి. బళ్ళో లెక్కలు బాగా చేస్తుందట. నేను బడి పిల్లల బట్టలు కుడుతూనే ఉన్నాను. మా అత్తగారు బల్సమ్ ఎప్పటిలాగే రేడియోకి చెవి ఆనించుకుని కూర్చుంటుంది. బాగ్దాద్ నుంచి, అక్కడ పనికి వెళ్ళిన మనవాళ్ళ పేర్లు చదివి కుశలం చెప్పే కార్యక్రమం ఒకటి వస్తుంది కదా, అది. ఊరందరి కొడుకుల పేర్లూ వస్తాయి. మా ఆయన పేరు రాదు.

గత్తాస్ నుంచి ఉత్తరం వచ్చి పదకొండు నెలలు. ఆయన ఇరాక్ వెళ్ళి నాలుగేళ్ళు దాటింది. అక్కడ యుద్ధం నడుస్తోంది, ఉత్తరాలు అందవు అంటారు. పక్కింటామె కొడుకు ఉత్తరం మాత్రం నెలనెలా అందుతుంది.

రేడియో కూడా పోయిన నెల మూగబోయింది. వజీహ్ అని, గత్తాస్‌తో కలిసి అక్కడ పని చేసినవాడు, రెండు వేళ్ళు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. మన బజారు వీధిలోనే రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. భార్య పురిట్లో పోయింది, ఒంటరివాడు. మా అత్తగారు అతన్ని ఇంటికే పిలిపించింది. రేడియో బాగు చేశాడు. కొడుకు గురించి అడిగితే, “పని మారాడమ్మా. దూరం వెళ్ళిపోయాడు. ఉత్తరాలు అందకపోవచ్చు” అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. తర్వాత ఫ్యాను కోసం వచ్చాడు. తర్వాత కుట్టు మిషను దీపం కోసం.

మంచి మనిషి. ఊరికే రాశాను.

మా కోసం ప్రార్థన చెయ్యి. మరీ ముఖ్యంగా నా కోసం.

అక్క
రిఫ్కా

---

తూర్పు ఎడారి, మఠం
6 నవంబరు 1987

క్రీస్తునందు ప్రియమైన సోదరి రిఫ్కాకు, శాంతి కలుగును గాక.

మీ లేఖ అందినది. కూరగాయల బండి నడిపే అయ్యాద్ మామ ద్వారా ఈ జవాబు పంపుచున్నాను.

మీరు ఊరికే రాశాననిన మాట ఊరికే రాసినది కాదు. భర్త దూరమున ఉండగా పరపురుషుడు ముమ్మారు గడప దాటుట మంచిది కాదు. పాపము కన్నుల ద్వారా వచ్చును, పిమ్మట తలంపులో కూర్చుండును, పిమ్మట లేవదు. హృదయమునకు కాపలా ఉంచవలెను. ఇక మీదట చెడిపోయిన వస్తువులను ఇవోన్ చేత కొట్టుకు పంపుడి. రాబోవు క్రిస్మసు ఉపవాస దినములలో నూనె సైతము విడిచి, ప్రతి ఉదయము నలుబది మారులు మోకరించి నేల తాకి ప్రార్థించుడి.

గత్తాస్ గారిని ప్రతిదినము జ్ఞాపకము చేసుకొనుచున్నాను.

మీ సోదరుడు
సన్యాసి సరాబామోన్

---

మల్లవి
3 డిసెంబరు 1987

లబీబ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి ఇవోన్ చదివి, “అమ్మా, మామయ్య మనకి పరిచయమేనా?” అంది.

‘మీరు’ అట. ‘పరపురుషుడు’ అట. ఇది నువ్వు రాయలేదురా. ఏ పుస్తకంలోంచో ఎత్తి కాగితం మీద పెట్టావు. నీకు జ్వరం వచ్చినప్పుడు నేను పుస్తకం చూసి తడిగుడ్డ వెయ్యలేదు.

అయినా నువ్వు చెప్పినవన్నీ చేశాను. నూనె మానేశాను. నలభై కాదు, అరవైసార్లు మోకరించాను. ఇవోన్‌ని కొట్టుకి పంపాను. అది తిరిగొచ్చి, “వజీహ్ మావయ్య నీ ఒంట్లో ఎలా ఉందని అడిగాడు” అంది. ఆ ఒక్క మాటతో అరవై మోకరింపులూ పోయాయి.

నిజం చెబుతున్నాను, విను. అక్టోబరులో అతను వచ్చినప్పుడు టీ ఇచ్చాను. అతను వెళ్ళాక బల్ల మీద గ్లాసు అడుగు తడి గుండ్రంగా మిగిలింది. గుడ్డ చేతిలోనే ఉంది, తుడవలేదు. అది ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను. నాకు ముప్ఫై అయిదేళ్ళు. ఇంతే జరిగింది. చెయ్యి తగల్లేదు, మాట జారలేదు. ఇంతకంటే పెద్ద పాపం చేసి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదేమో.

రెండు నెలలుగా గుడిలో రొట్టె, ద్రాక్షరసం సంస్కారం తీసుకోవడం లేదు. ఆదివారం గుడి మెట్ల దగ్గర మన అబూనా ఘాలీ పట్టుకున్నాడు.

“ఏమ్మా రిఫ్కా, ప్రభువు బల్ల దగ్గరికి రావడం మానేశావు?”

“మోకాళ్ళ నొప్పులు, అబూనా.”

“నోటితో తీసుకునేదానికి మోకాళ్ళతో పనేముంది?”

నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పిండి జాడీ పక్కన కూర్చుని ఏడ్చాను.

ఇంకొకటి ఉంది. ఇది గుడిలో పాపాల ఒప్పుకోలులో కూడా ఎవరికీ చెప్పలేదు. పోస్టు జవాను మా వీధి మలుపు తిరిగినప్పుడు, గత్తాస్ చేతిరాత కోసం కాదు, చావు కబురు కోసం చూస్తున్నాను. ఆయన పోయాడని ఒక్క కాగితం వస్తే చాలు, నేను దొంగని కాను అనిపిస్తుంది. పెళ్ళాడి పదకొండేళ్ళయింది. నా మీద ఒక్కసారి చెయ్యెత్తని మనిషి. కూతురికి బొమ్మ కొనాలని తను సిగరెట్లు మానేసిన మనిషి. ఆయన చావాలని ప్రార్థన చేస్తున్నాను. ప్రార్థన అంటే ప్రార్థనే, సిలువ గుర్తు వేసుకుని మరీ.

ఇప్పుడు చెప్పు, సన్యాసీ. దీనికి ఎన్ని మోకరింపులు?

రిఫ్కా

---

మఠం
14 జనవరి 1988

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయడానికి కూర్చుని లేచాను, చాలాసార్లు. క్రిస్మసు పండుగ పనులని చెప్పుకోవచ్చు, అది నిజం కాదు.

నువ్వన్నది సరే. మొదటి ఉత్తరం నేను రాసింది కాదు.

మా పెద్దాయన అబూనా అర్సాని సెప్టెంబరులో కన్నుమూశారు. నీకు చెప్పలేదు. నన్ను ఇక్కడికి తెచ్చిందీ, నాకు నడక నేర్పిందీ ఆయనే. ఆఖరి నెలలో ఆయనకి మతి పోయింది. నన్ను గుర్తుపట్టలేదు. దేవుణ్ణి కూడా గుర్తుపట్టలేదు, అక్కా. అరవై ఏళ్ళు ప్రార్థించిన నోరు, నీళ్ళు ఇస్తే తిట్టేది.

మన వీధి ఎలా ఉంది? పొద్దున ఎండలో రొట్టెముద్దలు పొంగబెట్టే వాసన ఇంకా వస్తుందా? కాలవ మీది పాత వంతెన బాగు చేశారా? ఎందుకో ఇవన్నీ గుర్తొస్తున్నాయి.

ఒక చిన్న సాయం. మన నాన్న కోటు, గళ్ళ చొక్కా, గోధుమరంగు ప్యాంటు నీ పెట్టెలో ఉండాలి. మఠం గోడ కట్టడానికి వచ్చిన ఒక పేద కూలికి చలికి ఏమీ లేదు. అయ్యాద్ మామ ఆ వైపు వచ్చినప్పుడు పంపు.

ఎన్ని మోకరింపులని అడిగావు. గత్తాస్ బావ కోసం ప్రార్థించమనడానికి నాకు నోరు రావడం లేదు.

లబీబ్

---

మల్లవి
9 ఫిబ్రవరి 1988

లబీబ్,

అయ్యాద్ మామ వచ్చాడు. కూర్చోబెట్టి చిక్కుడు కూర పెట్టాను. తింటూ ఉండగా అడిగాను. “మామా, మీ మఠంలో గోడ ఎంతవరకు లేచింది?”

“ఏ గోడమ్మా? అక్కడ గోడ మా తాతల నాటిది.”

కాబట్టి పేద కూలీ ఎవరో నాకు అర్థమైంది. మన నాన్నంత పొడుగు మనిషి. గడ్డం తీసేస్తే చుబుకం మీద చిన్న గాటు ఉంటుంది, పదేళ్ళప్పుడు మేడ మీంచి పడ్డప్పటిది.

కోటు పంపడం లేదు. కావాలంటే నువ్వే వచ్చి పెట్టె తీసుకో. నల్లంగీ నా ముందే విప్పి, నాన్న కోటు నా ముందే తొడుక్కో. దొంగలా బండిలో సరుకుల కింద దాక్కుని వెళ్ళడానికి నేను బట్టలు ఇవ్వను.

కోపంతో రాస్తున్నానని తెలుసు. నీ మీద కోపం కాదు. నేను మునిగినప్పుడు పట్టుకోవడానికి ఒక్క గట్టు ఉందనుకున్నాను. ఆ గట్టే నీళ్ళలో ఉందని ఇప్పుడు తెలిసింది.

నా సంగతి కూడా విను. మనలో మనకి ఇక దాపరికం ఎందుకు. వజీహ్ అడిగాడు. కొట్టు అమ్మేసి అలెగ్జాండ్రియా వెళదామన్నాడు. నేను, ఇవోన్, అతను. అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు లేరు. మనిషి వెళ్ళి నాలుగేళ్ళు దాటి, ఆచూకీ లేకపోతే, పోయాడని కోర్టు కాగితం ఇస్తుందట. ఇద్దరు సాక్షులు కావాలి. ఆ కాగితం ఉంటే మన గుడి కాకపోయినా ఏదో ఒక గుడిలో పెళ్ళి చేస్తారని ఎవరో చెప్పారట. అతను ఇదంతా నేల చూస్తూ చెప్పాడు. ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు.

సరే అన్నాను.

మార్చి మొదటి గురువారం. మా అత్తగారు ఆ రోజు చెల్లెలి ఇంటికి వెళుతుంది. ఆమె ఇప్పటికీ రేడియో ముందు కూర్చుని, ఎవరి పేరు చదివినా “వాళ్ళమ్మ అదృష్టవంతురాలు” అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

నీకు చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఎందుకు చెబుతున్నానో నాకే తెలియదు. బహుశా నువ్వు తిడతావని. తిట్టడానికైనా ఒకడు ఉండాలని.

రిఫ్కా

---

మఠం
20 ఫిబ్రవరి 1988

అక్కా,

తిట్టే అర్హత నాకు లేదు. మొత్తం చెబుతాను.

రెండేళ్ళుగా నాలో ప్రార్థన లేదు. పెద్దాయన మరణంతో మొదలైంది కాదు, ఆయన మరణంతో బయటపడింది. తెల్లవారకముందే లేస్తాను, వరుసలో నిలబడతాను, కీర్తనలు నోటికి వచ్చు కాబట్టి నోరు పాడుతుంది. లోపల ఒక్క చప్పుడు ఉండదు. ఎండిపోయిన బావిలో రాయి వేస్తే అడుగున తగిలిన చప్పుడైనా వస్తుంది. ఇక్కడ అదీ లేదు. జనం బస్సుల్లో వస్తారు, నా చెయ్యి ముద్దు పెట్టుకుంటారు, కాన్సరు వచ్చిన కూతురి పేరు కాగితం మీద రాసి ఇస్తారు. ఆ కాగితాలు నా గదిలో డబ్బాలో పేరుకున్నాయి. ఒక్క పేరు కోసం కూడా నేను నిజంగా ప్రార్థించలేదు. ప్రతిదినము జ్ఞాపకము చేసుకొనుచున్నాను అని నీకు రాశాను చూడు, అది కూడా అబద్ధం.

నువ్వు ఒక మనిషి మీద మనసు పడ్డావు, సిగ్గుతో చచ్చిపోతున్నావు. నాకు ఏ మనిషి మీదా మనసు లేదు. ఏదీ లేదు. హృదయానికి కాపలా పెట్టమని నీకు రాసిన రోజున, నా ఇల్లు ఎప్పుడో దోపిడీ అయిపోయింది. ఖాళీ ఇంటి ముందు కూర్చుని పక్కింటి వాళ్ళకి తాళాల గురించి చెప్పాను.

అవును, కోటు నాకే. పునరుత్థాన పండుగ ముందరి పెద్ద ఉపవాసం మొదలవ్వకముందే వెళ్ళిపోవాలనుకున్నాను. కైరోలో ఏదో ముద్రణాలయంలో పని చూసుకుందామనుకున్నాను. నీ ఉత్తరం వచ్చి ఆగాను. భక్తితో కాదు. నేను పోతే నువ్వు కూడా పోతావని భయపడి ఆగాను.

రెండు అడుగుతున్నాను. తమ్ముడిగా.

మొదటిది. గత్తాస్ బావ చనిపోయాడని ఎవరు చూశారు? వజీహ్ ఆ మాట తన నోటితో ఎప్పుడైనా అన్నాడా? నీ ఉత్తరాలు మళ్ళీ తీసి చూశాను. పని మారాడు, దూరం వెళ్ళాడు అన్నాడు. పోయాడని అనలేదు. కోర్టుకి సాక్షులు కావాలంటే అతనే సాక్షి కావాలి కదా. వెళ్ళేముందు ఒక్కసారి అడుగు. ప్రమాణం చేసి చెబుతావా అని అడుగు.

రెండోది. నీ జవాబు వచ్చేదాకా నేను ఈ గేటు దాటను. నువ్వు కూడా నా కోసం ఒక్కరోజు ఆగు. ఒక్కరోజే. తర్వాత ఇంకొక రోజు సంగతి అప్పుడు చూద్దాం.

అయ్యాద్ మామని నేరుగా మీ ఇంటికే వెళ్ళమని బతిమాలాను.

లబీబ్

---

మల్లవి
5 మార్చి 1988

తమ్ముడూ,

మొన్ననే ఆ గురువారం. నేను ఇంట్లోనే ఉన్నాను.

బుధవారం మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళాను. అతను ఒక రేడియో విప్పి పెట్టుకుని తీగలు అతుకుతున్నాడు. పొగ వాసన. నేను నిలబడే అడిగాను.

“కోర్టులో సాక్షి ఎవరు?”

“దొరుకుతారు. ఆ సంగతి నేను చూసుకుంటాను.”

“దొరకడమెందుకు? నువ్వున్నావుగా. ఆయనతో పనిచేసింది నువ్వు. సువార్త మీద చెయ్యి పెట్టి, గత్తాస్ పోయాడని చెబుతావా?”

చేతిలోది పక్కన పెట్టాడు. తర్వాత లేచి కొట్టు తలుపు బార్లా తెరిచాడు, వీధిలో వాళ్ళకి మేమిద్దరం కనబడేలా. అది ఎందుకు చేశాడో నాకు తర్వాత అర్థమైంది. నాతో తలుపు మూసి మాట్లాడిన మనిషిని కాదని తనకి తను చెప్పుకున్నాడు.

“బతికే ఉన్నాడు” అన్నాడు.

వాళ్ళు పనిచేసే చోట సున్నం బట్టీ పేలిందట. వజీహ్ వేళ్ళు పోయింది ఆ రోజే. గత్తాస్ కళ్ళు పోయాయి. రెండూ. బాగ్దాద్‌లో ఒక గుడి వెనక గదిలో ఉంటున్నాడట, తాళ్ళతో కుర్చీలు అల్లుతున్నాడట. వజీహ్ బయలుదేరిన రోజు గత్తాస్ అతని చేత ఒట్టు వేయించుకున్నాడు. “ఇంటికెళ్ళి నేను పోయానని చెప్పు. గుడ్డివాణ్ణి మోస్తూ అది ముసలిదైపోవద్దు.”

“చచ్చాడని చెప్పలేకపోయాను” అన్నాడు వజీహ్. “బతికున్నాడనీ చెప్పలేకపోయాను. మొదట్లో ఒట్టు అడ్డమొచ్చింది. తర్వాత నువ్వు అడ్డమొచ్చావు.”

“మరి ఇప్పుడెందుకు చెప్పావు?”

“అబద్ధం చెప్పి నిన్ను తీసుకెళితే, జీవితాంతం నీ మొహం చూడలేను. ఇప్పుడే చూడలేకపోతున్నాను.”

లబీబ్, నువ్వు ఇప్పుడు దేవునికి స్తోత్రం అని రాయకు. మనిషి బతికున్నాడని విన్న క్షణంలో నాకు కలిగింది ఏమిటో తెలుసా? కోపం. నా చేతిలోకి వచ్చినదాన్ని ఆ గుడ్డివాడు లాక్కున్నాడన్న కోపం. కౌంటరు పట్టుకున్నాను. నడిచి ఇంటికెలా వచ్చానో గుర్తులేదు.

వజీహ్ ఒక మాట అన్నాడు, నేను తలుపు దాటుతుండగా. “గురువారం టికెట్లు నా దగ్గరే ఉన్నాయి. నువ్వు రమ్మంటే ఇప్పటికీ వస్తాను. నువ్వే చెప్పాలి.”

చెప్పలేదు. వెళ్ళలేదు. నీకిచ్చిన ఒక్కరోజు కోసం ఆగాను. ఆ ఒక్కరోజూ మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. ఇవోన్ వచ్చి, “అమ్మా, జ్వరమా?” అని నుదురు చూసింది. ఇవాళ మూడో రోజు. రేపటి మాట చెప్పలేను.

మా అత్తగారికి ఇంకా చెప్పలేదు. చెబితే ఇక నాకు దారి ఉండదు. అందుకే నోరు రావడం లేదు. ఏం చెయ్యమంటావు?

అక్క

---

మఠం
22 మార్చి 1988

అక్కా,

ఏం చెయ్యాలో చెప్పను. ఒకసారి చెప్పి చూశాను, ఏమైందో నీకు తెలుసు.

నేను చేసింది మాత్రం చెబుతాను. నీ ఉత్తరం చదివాక మఠాధిపతి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి పన్ను నొప్పి, లవంగం నములుతూ కూర్చున్నారు. కొట్టు తలుపు బార్లా తెరిచిన ఆ మనిషి గుర్తొచ్చాడు. అతనికున్న పాటి ధైర్యం నాకు లేకపోతే ఎలా అనిపించింది. అన్నీ చెప్పేశాను. రెండేళ్ళ సంగతి, కాగితాల డబ్బా సంగతి, కోటు సంగతి.

ఆయన తిట్టలేదు. ఓదార్చనూ లేదు. “లేకపోతే లేదు. ఉన్నట్టు నటించడం ఎందుకు?” అన్నారు. “రేపటి నుంచి పాటల వరుసలో నిలబడకు. పొయ్యి దగ్గర పని చెయ్యి, పిండి పిసుకు. వెళ్ళాలనుకుంటే పునరుత్థాన పండుగ తర్వాత పగటిపూట, పెద్ద గేటులోంచి వెళ్ళు. నేనే వచ్చి సాగనంపుతాను.”

ఇప్పుడు రొట్టెల గదిలో ఉంటున్నాను. చేతులు కాలాయి. లోపల ఇంకా ఏ చప్పుడూ లేదు. అయితే రెండు రోజుల కిందట ఆ డబ్బా తెచ్చి పిండి బల్ల మీద పెట్టుకున్నాను. ముద్దకి ఒక పేరు చొప్పున పైకి చదువుతున్నాను. అంతే, చదవడమే. ప్రార్థన అనను. ఆ పేర్లలో గత్తాస్ బావ పేరు రాసి పెట్టాను. వజీహ్ పేరు కూడా. నీ పేరు కాగితం చూడకుండానే వస్తుంది.

నేను ఆశతో ఆగానని అనుకోకు. ఆగడం ఒక్కటే నా చేతిలో ఉంది కాబట్టి ఆగాను.

తమ్ముడు

---

మల్లవి
18 ఆగస్టు 1988

తమ్ముడూ,

అయిదు నెలలుగా రాయలేదు. రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడేది కాదు. నువ్వు పండుగ తర్వాత కూడా అక్కడే ఉన్నావని అయ్యాద్ మామ చెప్పాడు. ఆ రోజు నాకు కాస్త అన్నం సహించింది.

మట్టల ఆదివారం నాడు మా అత్తగారికి చెప్పాను. గుడి నుంచి వచ్చి, ఆమె రేడియో వైపు చెయ్యి చాపబోతుంటే ఆ చెయ్యి పట్టుకుని చెప్పాను. గత్తాస్ బతికున్నాడు, కళ్ళు లేవు అని. ఆమె అరవలేదు. “ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?” అంది.

“నెల నుంచి.”

“నెల నుంచి మింగి కూర్చున్నావా, పాము పిల్లా?” అంది. చెంప మీద ఒకటి కొట్టింది. తర్వాత ఆ చెంపే నిమిరింది. ఎందుకు దాచానని అడగలేదు. ఆమెకి తెలుసనుకుంటాను. ఆడదానికి తెలియకుండా ఎలా ఉంటుంది.

వజీహ్ అక్కడి పనివాళ్ళకి కబురు పెట్టాడు. జూన్‌లో ఇద్దరు స్నేహితులు గత్తాస్‌ని బస్సులో, ఓడలో తీసుకొచ్చి మల్లవి స్టేషన్లో దించారు. నేను, అత్తగారు, ఇవోన్ వెళ్ళాం. మనిషి సగమయ్యాడు. కనురెప్పలు అతుక్కుపోయి, మొహమంతా ఎర్రటి మచ్చలు. ఇవోన్ నా వెనక్కి వచ్చేసింది. నేను పేరు పెట్టి పిలిచాను.

ఆయన అన్న మొదటి మాట, “ఎవరు రమ్మన్నారు నిన్ను? నేను చచ్చానని చెప్పలేదా వాడు?”

తర్వాత మూడు వారాలు నరకం. పళ్ళెం విసిరేవాడు. స్నానానికి చెయ్యి పడితే మోచేత్తో నెట్టేవాడు. రాత్రింబగళ్ళూ గోడ వైపే తిరిగి ఉండేవాడు. నేను కడిగాను, తినిపించాను, బట్టలు మార్చాను. ప్రేమతో అనుకుంటావేమో. కాదు. రాయిలా చేశాను. నీ పిండి ముద్దల్లాగే. పెళ్ళినాడు నా తల మీద కిరీటం పెట్టినప్పుడు నేను ఇచ్చిన మాట ఒకటుంది, అది నాది. ఇంకేదీ నాది కాకపోయినా అదొక్కటైనా నాదని చేశాను.

ఇక భరించలేక ఒక సాయంత్రం, అత్తగారు ఇవోన్‌ని తీసుకుని గుడికి వెళ్ళినప్పుడు, చెప్పేశాను. తిడితే తిట్టనీ, వెళ్ళగొడితే వెళ్ళగొట్టనీ అనుకున్నాను. వజీహ్ సంగతి మొత్తం. అలెగ్జాండ్రియా, టికెట్లు. చెయ్యి తగలలేదని కూడా చెప్పాను, అది గొప్ప కోసం కాదు, నిజం కాబట్టి. ఆఖర్న అదీ చెప్పాను.

“నువ్వు చావాలని ప్రార్థించాను. రోజూ.”

ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. వచ్చాక మొదటిసారి.

“నేనూ అదే ప్రార్థించాను” అన్నాడు. “ఆ గుడి వెనక గదిలో రోజూ అదే. నన్ను తీసుకుపో, దాన్ని విడిపించు అని.” “ఇద్దరం ఒకటే అడిగాం రిఫ్కా. ఆయన ఇద్దరి మాటా వినలేదు” అన్నాడు.

ఆయన నవ్వబోయాడు. మచ్చలు లాగి ఆ నవ్వు సరిగా రాలేదు. నేను ఏడ్చాను. చెయ్యి చాపాడు, నా మొహం ఎక్కడుందో తెలియక చెవి పట్టుకున్నాడు. అలాగే ఉన్నాం, వాళ్ళు గుడి నుంచి వచ్చేదాకా.

మర్నాడు అబూనా ఘాలీ దగ్గర ఒప్పుకోలు చెప్పుకున్నాను. ఆదివారం గత్తాస్ చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి, ఇద్దరం సంస్కారం తీసుకున్నాం.

నా మనసు బాగుపడిందని అనుకోకు. కొన్ని రోజులు గత్తాస్ మాట్లాడతాడు, కుర్చీ అల్లుతాడు, ఇవోన్ చేత లెక్కలు అప్పజెప్పించుకుంటాడు. కొన్ని రోజులు మళ్ళీ గోడ. అలాంటి రోజున నాకు చచ్చిపోవాలనిపిస్తుంది.

వజీహ్ వెళ్ళిపోలేదు. కొట్టు అమ్మలేదు. బజారు వీధిలోనే ఉన్నాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు, మా గడప తొక్కలేదు. రొట్టెకీ కూరగాయలకీ నేను రోజూ బజారుకి వెళ్ళాలి. ఆ వీధిలోంచి అయితే అయిదు నిమిషాలు. నేను కాలవ గట్టు మీదుగా, పిండిమర వెనక నుంచి తిరిగి వెళుతున్నాను. అరగంట. ఈ ఆగస్టు ఎండలో, నెత్తి మీద గంపతో. ఎందుకమ్మా ఈ తిప్పలు అని పిండిమర వాళ్ళు అడుగుతారు. ఆ వైపు నీడ ఎక్కువని చెబుతాను. ఆ వైపు ఒక్క చెట్టు లేదు.

ఒక్కోరోజు మూల దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే బజారు వీధి వైపు తిరుగుతాయి. ఆగుతాను. గంప దింపి, మళ్ళీ ఎత్తుకుంటాను. ఇటు తిరుగుతాను.

ఇవాళ కూడా కాలవ గట్టు మీదుగానే వెళ్ళాను.

అక్క
రిఫ్కా